నూరు మైళ్ల పరుగు, నడినెత్తిన ఎండ

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి వివరంగా జవాబు చెప్పాలనిపించింది. రాసినవారు రాజమండ్రిలో ఉంటున్న ఒక తల్లి. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఆమె ఉత్తరం ఇది:

"మా రెండోవాడు అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వయస్సు 38. నాలుగేళ్లుగా పరుగుల పిచ్చి పట్టుకుంది. వచ్చే జూన్ నెలలో కొండల్లో నూరు మైళ్లు ఆగకుండా పరుగెత్తుతాడట. లాటరీలో పేరు వచ్చిందని సంబరపడిపోతున్నాడు. అక్కడ లోయల్లో ఎండ విపరీతమని వాడే చెప్పాడు. అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. మా వారేమో 'గోదావరి ఎండల్లో పుట్టి పెరిగినవాడు, వాడికి ఎండ ఒక లెక్కా? నీళ్లు దండిగా తాగమని చెప్పు, చాలు' అంటారు. పక్కింటి పిన్నిగారు జేబులో ఉల్లిపాయ పెట్టుకోమంటున్నారు. నేను వాడిని వద్దని వారించాలా? లేకపోతే ఏం జాగ్రత్తలు చెప్పాలి?"

అమ్మా, ముందు మీ వారి మాటలకు జవాబు చెప్పాలి. ఆయన చెప్పినవి రెండే మాటలు. మన ఇళ్లల్లో నూటికి తొంభై మంది అవే చెబుతారు. ఆ రెండూ పొరపాటే. అందులో రెండోది ప్రమాదకరం కూడా.

మీ అబ్బాయి పరుగెత్తబోయేది 'వెస్టర్న్ స్టేట్స్' పందెం అయి ఉండాలి. కాలిఫోర్నియాలో జూన్ ఆఖరున జరిగే నూరు మైళ్ల కొండదారి పందెం అదే. దాని కథ చిత్రమైనది. ఆ దారిలో 1955 నుంచి గుర్రాల పందెం జరిగేది. ఒక్క రోజులో నూరు మైళ్లు గుర్రం మీద వెళ్లాలి. 1974లో గోర్డీ ఎయిన్స్‌లీ అనే ఆయన, గుర్రం లేకుండా కాలినడకనే గుర్రాలతోపాటు బయల్దేరి 23 గంటల 42 నిమిషాల్లో చేరుకున్నాడు. ఆ తరువాత 1977 నుంచి మనుషులకూ పందెం మొదలైంది. తెల్లవారుజామున 5 గంటలకు ఒలింపిక్ వ్యాలీలో బయల్దేరతారు. మొదటి నాలుగైదు మైళ్లలోనే ఎనిమిదివేల ఏడువందల అడుగుల ఎత్తుకు ఎక్కుతారు. కొన్ని సంవత్సరాలు అక్కడ మంచు మీద నడవాలి. దారి మొత్తంమీద ఎక్కుడు సుమారు 18 వేల అడుగులు, దిగుడు 23 వేల అడుగులు. ఆబర్న్ అనే ఊళ్లో ఒక హైస్కూలు మైదానంలో ముగుస్తుంది. 30 గంటల లోపల చేరాలి. 24 గంటల లోపు చేరినవారికి వెండి బకిల్ ఇస్తారు. బెల్టుకు పెట్టుకునే బకిలండీ, అంతే!

ఉదయం మంచు, మధ్యాహ్నం నిప్పు. సగం దారి దాటేసరికి లోయలు వస్తాయి. డెడ్‌వుడ్, ఎల్ డొరాడో అని వాటి పేర్లు. వేల అడుగులు దిగడం, మళ్లీ ఎక్కడం. గాలి కదలదు. మధ్యాహ్నం అక్కడ వేడి నూరు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటడం కొత్త కాదు. 2006లో బాగా ఎండలు కాశాయి. ఆ ఏడు అందరికన్నా ముందు వచ్చిన యువకుడు, ఆఖరి మైదానంలో, గీత ఇంకా కొన్ని వందల గజాల దూరంలో ఉండగా కూలిపోయాడు. స్నేహితులు పట్టుకుని లేపి గీత దాటించారు. ఇతరుల సాయం తీసుకున్నందువల్ల గెలుపు అతనికి దక్కలేదు.

మీరు భయపడాలని ఇది రాయలేదు. ఎంత సాధన చేసిన శరీరానికైనా ఒక హద్దు ఉంటుందని చెప్పడానికి రాశాను.

ఆ హద్దు ఎక్కడ ఉంటుందో చూద్దాం. పరుగెత్తేటప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా వేడిగానే మారుతుంది. కాళ్లను కదిలించేది మిగిలిన పావు వంతే. నూరు మైళ్లకు పదివేల కేలరీలకు పైగా ఖర్చు అవుతుందంటే లోపల ఎంత పొయ్యి మండుతుందో ఊహించండి. ఆ వేడి బయటికి పోవడానికి చెమట ఒక్కటే గట్టి ఆధారం. ఒక లీటరు చెమట చర్మం మీద ఆరిపోతే దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆరిపోతేనే సుమా! కారి నేలమీద పడిన చెమట వల్ల నీరు పోవడమే తప్ప చల్లదనం రాదు. మన కోస్తా ఉక్కలో చెమట కారుతుంది, ఆరదు. కాలిఫోర్నియాది పొడి ఎండ. అక్కడ చెమట పట్టగానే ఆరిపోతుంది. అది మంచిదే, కాని ఎంత చెమట పోయిందో మనిషికి తెలియదు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూశాకే తెలుస్తుంది.

ఇంకొక ఇబ్బంది ఉంది. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మానికి వెళ్లాలి. పరుగెత్తడానికి కండరాలకూ వెళ్లాలి. ఉన్న రక్తం ఆ రెండింటికీ సరిపోక కడుపుకు, పేగులకు వెళ్లేది తగ్గిపోతుంది. అందుకే ఎండలో పరుగెత్తేవాళ్లకు వికారం, వాంతులు వస్తాయి. "తిన్నది పడలేదు" అనుకుంటారు. చాలాసార్లు తిండిది తప్పు కాదు, వేగానిది. నెమ్మదిగా నడిచి, నీడలో ఒళ్లు తడుపుకుంటే కడుపు దానంతట అదే కుదుటపడుతుంది.

ఇక మీ వారి మొదటి మాట: గోదావరి ఎండల్లో పుట్టినవాడు. నిజమే, శరీరం ఎండకు అలవాటు పడుతుంది. రోజుకు గంట, గంటన్నర చొప్పున పది పదిహేను రోజులు వేడిలో శ్రమిస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. చెమట తొందరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. గుండె అంత వేగంగా కొట్టుకోదు. ఇదంతా ఎవరికైనా జరుగుతుంది, రాజమండ్రి వాడికైనా, నార్వే వాడికైనా. కాని శరీరానికి మతిమరుపు ఎక్కువ. వేడికి దూరమైన వారం రోజులనుంచే ఈ అలవాటు సడలుతుంది. మూడు నాలుగు వారాల్లో దాదాపు అంతా పోతుంది. ఫ్రీమాంట్ సముద్రపు గాలి తగిలే చల్లని చోటు. అక్కడ ఏసీ గదిలో ఉద్యోగం చేసుకునేవాడికి చిన్నప్పటి రోహిణీ కార్తె ఏమీ సాయపడదు.

కాబట్టి జూన్ మొదటినుంచీ వేడికి కొత్తగా అలవాటు పడాలి. మిట్టమధ్యాహ్నం నిదానంగా పరుగెత్తవచ్చు. లేదా పరుగు అయ్యాక ఆవిరిగదిలోనో వేడినీళ్ల తొట్టిలోనో పావుగంటనుంచి అరగంటదాకా కూర్చోవచ్చు. తల తిరిగినట్లుంటే వెంటనే బయటికి రావాలి. ఒంటరిగా ఈ పని చేయకూడదు. మూడు రోజులు చేసి చాలనుకుంటే లాభం లేదు.

రెండో మాట నీళ్లు. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

మనకు వడదెబ్బ అనగానే నీళ్లు గుర్తుకు వస్తాయి. పొలంలో పనిచేసే కూలీకి, బస్సు కోసం ఎండలో నిలబడ్డ పెద్దాయనకు ఆ మాట సరైనదే. వాళ్లకు నీళ్లు దొరకకపోవడమే బాధ. ఈ పందెంలో అలా కాదు. కొన్ని మైళ్లకొక మజిలీ. ప్రతి మజిలీలోనూ నీళ్లు, షర్బత్తులు, ఐసు, ఉప్పు అద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు, చేతికందించే మనుషులు. అక్కడ దాహం లేకపోయినా తాగడం సులభం. "తాగకపోతే పడిపోతావు" అన్న భయం ఒకటి తోడవుతుంది. గంటల తరబడి శ్రమిస్తున్నప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచే ఒక హార్మోనును విడుదల చేస్తుంది. మూత్రం తగ్గుతుంది. తాగిన నీళ్లు బయటికి పోవు. రక్తంలో ఉప్పు, అంటే సోడియం, పలచబడిపోతుంది. లీటరుకు 135 యూనిట్ల కిందికి దిగితే తక్కువైనట్లు లెక్క. ఇంకా దిగితే మెదడు వాస్తుంది. మూర్ఛలు వస్తాయి. ప్రాణం పోవచ్చు.

ఇది అరుదైన వింత కాదు. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం తగ్గి ఉంది. అదే సంవత్సరం ఆ పందెంలో ఒక యువతి ఈ కారణంగానే మరణించింది. మీ అబ్బాయి వెళ్లే వెస్టర్న్ స్టేట్స్‌లో 2009లో 47 మందికి పరీక్ష చేస్తే నూటికి 30 మందికి సోడియం తక్కువగా ఉంది. చాలామందికి ఏ బాధా లేదు, నిజమే. కాని ఎవరికి బాధ వస్తుందో ముందుగా చెప్పలేం.

మరి ఎంత తాగాలి? 2015లో ఈ విషయమై సమావేశమైన నిపుణులు చెప్పింది చాలా సులభమైన మాట: దాహం వేసినప్పుడు తాగు, దాహం తీరగానే ఆపు. గంటకు ఇన్ని గ్లాసులని లెక్క పెట్టుకోనక్కర లేదు. పరుగు ముగిసేసరికి బరువు నూటికి రెండు మూడు వంతులు తగ్గడం సహజం. అందులో కొంత ఒంట్లో ఖర్చైన ఇంధనం. ఒకప్పుడు ఈ పందెంలో దారి పొడుగునా తూకం వేసేవారు, బరువు తగ్గినవాళ్లను నిలిపేవారు. పెరిగినవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారన్న సంగతి వైద్యులకు కూడా ఆలస్యంగా తెలిసింది. వేలి ఉంగరం బిగుతు కావడం, చేతి గడియారం పట్టీ ఒరుసుకోవడం, ముఖం ఉబ్బడం, కడుపులో నీళ్లు కదులుతున్నట్లుండటం, ఇవి కనిపిస్తే నీళ్లు ఆపాలి. "ఉప్పు బిళ్లలు వేసుకుంటున్నాను కదా" అనే ధీమా పనికిరాదు. అవసరానికి మించి తాగేవాడిని ఉప్పు బిళ్ల రక్షించలేదు.

అలాగని దాహాన్ని చంపుకుని పరుగెత్తమని కాదు. అది ఇంకొక మూర్ఖత్వం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వడదెబ్బ తగిలినవాడు, నీళ్లు ఎక్కువైనవాడు చూడటానికి ఒకేలా ఉంటారు. ఇద్దరికీ తలనొప్పి, వాంతులు, తూలడం, మాట తడబడటం ఉంటాయి. వడదెబ్బ అంటే ఒళ్లు కాలిపోతూ పొడిగా ఉంటుందని మనకు పాఠాల్లో చెప్పారు. అది ఇంట్లో మంచం మీద వేడికి సొలసిపోయిన ముసలివారి సంగతి. పరుగెత్తి వడదెబ్బ తిన్నవాడి ఒళ్లు తడిసి ముద్దగా ఉండవచ్చు. చేయి వేసి చూసి చెప్పలేం. చంకలోనో నోట్లోనో పెట్టే థర్మామీటరు కూడా తప్పు చెబుతుంది. మలద్వారంలో పెట్టి చూస్తే 104 డిగ్రీలు, ఆ పైన ఉంటుంది. సోడియం సంగతి రక్తపరీక్షలోనే తెలుస్తుంది.

కాళ్లు నొప్పిపుట్టడం, బొబ్బలు, నీరసం, ఇవి నూరు మైళ్లలో అందరికీ ఉంటాయి. వాటిని చూసి భయపడనక్కర లేదు. తల సంగతి చూడాలి. ఎప్పుడూ ఛలోక్తులాడేవాడు విసుక్కుంటుంటే, అడిగినదానికి వేరే జవాబు చెబుతుంటే, ఏ మజిలీ దాటాడో చెప్పలేకపోతే, వచ్చిన దారినే వెనక్కు నడుస్తుంటే పందెం అక్కడితో ఆపాలి. వాడు మాత్రం "నాకేం కాలేదు" అంటాడు. ఆ స్థితిలో అందరూ అలాగే అంటారు, ఎందుకంటే ఆలోచించే మెదడుకే దెబ్బ తగిలింది. ఈ పందెంలో 62వ మైలు, ఫారెస్ట్‌హిల్ దగ్గరనుంచి తోడు పరుగెత్తే స్నేహితుడిని తీసుకోవచ్చు. లోయలు అంతకుముందే వస్తాయి. అక్కడ తనను తానే చూసుకోవాలి, లేదా పక్కన పరుగెత్తేవాడు చూడాలి. ప్రతి ఎక్కుడు మొదట్లో తన ఫోన్ నెంబరు వెనకనుంచి ముందుకు చెప్పుకోమనండి. చెప్పలేకపోతే కూర్చోవాలి. ఇది నా సొంత సలహా, ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు.

అలా ఎవరైనా కనిపిస్తే ఏం చేయాలి? నీడలోకి చేర్చండి. వెంటనే చల్లబరచండి. సెలయేరు ఉంటే నడుము లోతుకు మించని చోట కూర్చోబెట్టి, మునిగిపోకుండా భుజాల కింద చేతులు వేసి పట్టుకోవాలి. ఐసు ఉంటే మెడ, చంకలు, గజ్జలలో పెట్టి, తడిబట్టలతో ఒళ్లంతా కప్పి, విసరాలి. బట్టలు వేడెక్కగానే మార్చాలి. జబ్బు రెండింటిలో ఏదైనా చల్లబరచడంవల్ల కీడు లేదు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయడం మాత్రం చేయకూడదు. వడదెబ్బ అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, రెండోది అయితే విషమే. సెలైన్ సీసా ఎక్కించమని డాక్టరును తొందరపెట్టకండి. సోడియం తగ్గినవాడికి మామూలు సెలైన్ ఉపయోగపడకపోగా చెరుపు చేయవచ్చు. వాళ్లకు చిక్కటి ఉప్పునీరు, మూడు శాతంది, కొద్దిగా ఇస్తారు.

వడదెబ్బలో ముందు చల్లబరచడం, తరువాత ఆస్పత్రికి తరలించడం. అమెరికాలోనే ఫాల్‌మౌత్ అనే చోట ప్రతి వేసవిలో ఒక పరుగుపందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలింది. గీత దగ్గరే ఐసునీళ్ల తొట్టెలు పెట్టి, పడిపోయినవారిని నిమిషాల్లో అందులో దింపారు. 274 మందీ బతికారు. వాళ్లను కారులో వేసుకుని ఎండలో అరగంట తిప్పి ఉంటే ఈ లెక్క ఇలా ఉండేది కాదు. జ్వరం బిళ్ల వేస్తే ఈ వేడి దిగదు. ఇది జ్వరం కాదు.

ఇది చదువుతూ "మనకెందుకు ఈ అమెరికా గొడవ?" అనుకునే పాఠకులు ఉంటారు. మే నెలలో అలిపిరినుంచి 3,550 మెట్లు ఎక్కేవారు మన ఇళ్లల్లోనే ఉన్నారు. పోలీసు ఉద్యోగాల ఎంపిక కోసం కుర్రాళ్లు ఎండలో పరుగు సాధన చేస్తుంటారు. వాళ్లలో ఎవరైనా పిచ్చిమాటలు మాట్లాడుతూ కూలిపోతే, 108కి ఫోన్ చేస్తూనే బావి దగ్గరికో పంపు కిందికో చేర్చి బిందెలతో నీళ్లు ఒంటిమీద గుమ్మరించండి. నోట్లో కాదు, ఒంటిమీద.

మాత్రల గురించి ఒక హెచ్చరిక. పరుగెత్తేవాళ్లకు ఇబుప్రొఫెన్ వంటి నొప్పిబిళ్లలు మింగే అలవాటు ఎక్కువ. కొండ దిగుడులో తొడకండరాలు చిట్లుతాయి. ఆ కండరాల పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు భారమవుతుంది. పైగా రక్తం సరఫరా అప్పటికే తగ్గి ఉంటుంది. ఆ సమయంలో ఈ బిళ్లలు వేస్తే మూత్రపిండాలను ఇంకా నొక్కినట్లే. సుదీర్ఘ పరుగుల్లో 89 మందిపై చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. ఇబుప్రొఫెన్ వేసుకున్నవారిలో నూటికి 52 మందికి, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారిలో 34 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. వద్దనండి, గట్టిగా వద్దనండి. జలుబుకు వాడే కొన్ని మాత్రలు చెమటను తగ్గిస్తాయి. రక్తపోటుకు మూత్రం జారీ చేసే మందు వాడుతుంటే డాక్టరుతో ముందే మాట్లాడాలి. పందానికి ముందు వారంలో జ్వరమో, విరేచనాలో వచ్చాయంటే ఆ ఏడు మానుకోవడమే.

వారించాలా అని అడిగారు. నా అభిప్రాయం దాచను. ఆరోగ్యం కోసం ఎవరూ నూరు మైళ్లు పరుగెత్తనక్కర లేదు, రోజుకు ముప్పావుగంట నడక చాలు. ఇది ఆరోగ్యం కోసం చేసే పని కాదు, మనిషి సరదా. అయితే ఈ పందానికి దారిన పోయేవాళ్లను రానివ్వరు. ముందుగా మరో పెద్ద పరుగు పూర్తిచేసినవారి పేర్లే లాటరీలో వేస్తారు. అంటే మీవాడు ఆ పని చేసినవాడే. ఇప్పుడు వద్దంటే మీకు చెప్పకుండా వెళతాడు. దానికన్నా గుండె పరీక్ష చేయించుకున్నావా, ఎండకు అలవాటు పడుతున్నావా, నొప్పిబిళ్లలు సంచిలోంచి తీసేశావా అని అడగండి. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే నష్టం లేదు, లాభమూ లేదు. అక్కడివాళ్లు మెడకు కట్టుకునే రుమాలులో, టోపీలో ఐసుముక్కలు చుట్టుకుంటారు. అది మంచి పద్ధతి.

పందెం శనివారం పొద్దున్న అక్కడ 5 గంటలకు మొదలైతే, మీకు అదే సాయంత్రం అయిదున్నర. వాడు లోయల్లో ఉండే మధ్యాహ్నం మీకు అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటన్నరనుంచి నాలుగున్నరదాకా. ఆ వేళ మీరు మేలుకుని ఉన్నా చేయగలిగింది లేదు, పడుకోండి. ఆదివారం రాత్రి పదకొండున్నరకు గడువు ముగుస్తుంది. అప్పుడు ఫోన్ చేసి మాట్లాడించండి, మాట తీరు వినండి. మూత్రం వచ్చిందా, ఏ రంగులో ఉందని అడగండి. సిగ్గుపడే సంగతి కాదు. కోకాకోలా రంగులో ఉన్నా, పన్నెండు గంటలైనా రాకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. మర్నాటిలోగా తలనొప్పి పెరుగుతూ వాంతులైనా, మాట తేడాగా ఉన్నా కూడా వెళ్లాలి. తనే కారు నడుపుకుంటూ వెళ్లకూడదు. అక్కడి డాక్టరుకు "నూరు మైళ్లు పరుగెత్తాడు, నీళ్లు చాలా తాగాడు, సోడియం చూడండి" అని పక్కనున్నవాళ్లు చెప్పాలి. ఆ మాట ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించి, వెంట వెళ్లే స్నేహితుడి దగ్గర ముందే ఉంచమనండి.